సూది సంగతి ఒళ్ళే చెప్పింది

మార్చి 3
కాలు కదిలింది! రెండు నెలల తర్వాత అమ్మాయి కుడికాలు ఎగిరి దుప్పటిని కింద పడేసింది. వార్డంతా అదిరేలా అరిచాను. ఎక్సర్‌సైజులు చేయించే ఆవిడ వచ్చి, అది స్పాజమ్ అమ్మా, వెన్నులో దారి తెగిపోయింది, కాలు తనంతట తనే ఎగురుతుంది, మీ పిల్ల చెప్తే కాదు అంది. అమ్మాయే నవ్వింది. చెప్పిన మాట వినవని నన్ను తిట్టేదానివిగా, ఇప్పుడు నా కాళ్ళు నా మాట వినట్లేదు చూడు అంది.
బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మార్చి 19
ఇంటికొచ్చాం. దుకాణాలకి బోర్డులు రాసే పిల్ల. నిచ్చెన మీంచి పడక ముందు మెట్లు రెండేసి ఎక్కేది. ఇవాళ నలుగురు మోసుకొచ్చారు. ఛాతీ కింద గిచ్చినా దానికి తెలీదు. గుమ్మం దగ్గర దాని చెప్పులు. తీయడానికి చెయ్యి రాలేదు.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం మూడు

పొద్దున దాని మంచం మీదే కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్నా. పాలు పొంగుతుంటే లేచాను. తర్వాత దాన్ని రెండో పక్కకి తిప్పి పడుకోబెట్టాను. కాసేపటికి తల పగిలిపోతోందే అమ్మా అంది. మొహం కందిపోయింది. ఒకటే చెమటలు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నా మొహం, బామ్ రాశాను. ఇంకా ఎక్కువైంది. వార్డు సిస్టర్‌కి ఫోన్ చేశా. ముందు లేపి కూర్చోబెట్టమ్మా, బీపీ ఎక్కిపోతోంది, ప్రాణం మీదికొస్తుంది, కింద ఎక్కడో ఏదో బాధ పెడుతోంది, వెతుకు అని అరిచింది. లేపి కూర్చోబెట్టి యూరిన్ ట్యూబు చూశా. మడత లేదు. నాడా వదులు చేశా. కాళ్ళు తడిమాను.
తొడలో నా సూది. దారం వేలాడుతోంది.
లేచేటప్పుడు సూదిని పరుపుకి గుచ్చడం ముప్పై ఏళ్ళ అలవాటు.
లాగేశాను. చెమట ఆరింది. మొహం మామూలైంది. నా తొడకీ గుండీ కుడదామనుకున్నావా అంది, పాపిష్టి పిల్ల.

సాయంత్రం
ఆస్పత్రిలో చూపించి వచ్చాం. గండం గడిచింది.
సూది గుచ్చుకున్నట్టు దానికి తెలీలేదు. దాని ఒంటికి తెలిసింది. దారి తెగిపోయినా ఆ కబురు ఎక్కడెక్కడ తిరిగి ఆ మొహం దాకా వచ్చిందో! మోసి కన్నది నేనే. ఈ ఒళ్ళు ఇంతటిదని నాకే తెలీదు.

ఏప్రిల్ 9
ఇక మంచం దగ్గరికి సూది రాదు.

ఏప్రిల్ 11
అమ్మాయి నిద్రపోతోంది. పాదం పట్టుకుని తప్పైపోయింది తల్లీ అన్నాను. కాలు ఎగిరి నా చేతిని తన్నింది.
స్పాజమ్. తెలుసు.
కడుపులో ఉన్నప్పుడు మాత్రం ఎవరు చెప్తే తన్నింది?