వదిన గొంతు, సెకనుకి ముప్ఫై ఫ్రేములు

మార్చి 3, సోమవారం

ఇవాళ ఒక అబద్ధం చెప్పాను. వీడియో ఎడిటింగ్ వచ్చా అని వదిన అడిగితే, ఓ, బ్రహ్మాండంగా అన్నాను. నేను పనిచేసే లైబ్రరీలో ఒకసారి కొత్త పుస్తకాల అట్టలు ఫొటోలు తీసి, వరసగా పేర్చి, వెనక మ్యూజిక్ పెట్టాను. నాకొచ్చిన ఎడిటింగ్ అంతే.

ఆవిడ మొహం చూస్తే రాదని చెప్పబుద్ధి కాలేదు. వదిన బట్టలు కుట్టే వర్క్‌షాపులో ప్యాటర్న్ మాస్టర్. గుడ్డకి కత్తెర తగిలే ముందు చొక్కా చేతికీ, కాలర్‌కీ కొలతల ప్రకారం గీత గీసేది ఆవిడే. రెండేళ్ళ కిందట ఆ గీతలన్నీ కాగితం మీద నుంచి కంప్యూటర్లోకి వెళ్ళాయి. ఆ సాఫ్ట్‌వేర్ అక్కడ పట్టుబడింది వదిన ఒక్కదానికే. ఆవిడ దగ్గర ఇంకో పదకొండు మంది ఆడవాళ్ళు నేర్చుకుంటున్నారు.

ఇరవై ఆరున వదినకి థైరాయిడ్ ఆపరేషన్. గడ్డతో ప్రమాదమేమీ లేదట, కానీ గొంతు నరం దాన్ని ఆనుకునే ఉందట. మాట బొంగురుపోవచ్చు, కొన్నాళ్ళకి సర్దుకోనూ వచ్చు, సర్దుకోకపోనూ వచ్చు అన్నారట డాక్టరుగారు. అందుకని ఆలోపు ఆరు పాఠాలు తన గొంతుతోనే చెప్పి పెట్టాలంది. స్క్రీన్ మీద తన మౌస్ కదులుతూ ఉండాలి, వెనక తన మాట వినబడాలి. నన్ను అప్పుడే ఎడిటరమ్మా అని పిలుస్తోంది.

మార్చి 5, ఉదయం 9:20

మొదటి పాఠం అయింది. లైబ్రరీ పదింటికి, అందుకని ఏడున్నరకే అన్నయ్యవాళ్ళింట్లో వాలిపోయాను. రికార్డింగ్ జరిగినంతసేపూ అన్నయ్య కాఫీ కూడా చప్పుడు చెయ్యకుండా తాగాడు. అది ఆయనకి కొత్త.

మార్చి 8, శనివారం

కొంప మునిగింది.

వర్క్‌షాపులో చూసేది పెద్ద టీవీలో. అన్నయ్య టీవీకి పెట్టి చూశాం. అక్షరాలన్నీ అలికేసినట్టున్నాయి. కొలతల్లో మూడేదో ఎనిమిదేదో తెలియడం లేదు. పైగా మౌస్‌కి వెక్కిళ్ళు. వదిన గీత సాఫీగా లాగుతుంటే వీడియోలో అది తడబడుతూ పోతోంది. నా చెయ్యి ఇలా వణుకుతుందా అని వదిన తన చెయ్యి చాపి చూసుకుంది. వణకదు. నేనే సిగ్గుతో చచ్చాను.

మార్చి 9, ఆదివారం

రోజంతా దీని మీదే కూర్చున్నాను. చివరికి తెలిసింది ఇంతే. లాప్‌టాప్ స్క్రీన్ చిన్నది, అడ్డంగా 1366 చుక్కలే. ఎడిటింగ్‌కి నేను తెరిచిన ప్రాజెక్టు 1920. చిన్న బొమ్మని సాగదీసి పెద్ద చట్రంలో కూర్చోబెట్టాను, అందుకే అలుక్కుపోయింది. ఇక వెక్కిళ్ళు. రికార్డింగ్ సెకనుకి ముప్ఫై ఫ్రేములు, అంటే ముప్ఫై బొమ్మలు, ప్రాజెక్టు ఇరవై నాలుగు. మిగిలిన ఆరూ ఎక్కడికి పోతాయి? గాల్లోకి. రెండుచోట్లా అంకెలు ఒకటే ఉండాలి. ఇంతోటి దానికి ఒక ఆదివారం.

పరిష్కారం: టీవీనే లాప్‌టాప్‌కి స్క్రీన్‌గా తగిలించడం. అప్పుడు రికార్డింగూ 1920, ప్రాజెక్టూ 1920. రెండూ ముప్ఫై. అన్నయ్యకి రెండువారాల పాటు మ్యాచులు లేవు. నా టీవీ, నా ఇల్లు, నాకే చోటు లేదని గొణిగాడు. కేబుల్ మాత్రం తనే తెచ్చాడు.

మార్చి 14, శుక్రవారం

మొదటిది మళ్ళీ తీయడంతో కలిపి మూడు పాఠాలు పూర్తి. మౌస్ వెన్నలా జారుతోంది. వదిన నా నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి, పరవాలేదే ఎడిటరమ్మా అంది. నాకింత సంతోషం డిగ్రీ పాసైనప్పుడు కూడా లేదు.

మార్చి 25

ఆరోది, ఆఖరుది అయింది. చొక్కా చెయ్యి భుజానికి అతికే చోట వంపు. అన్నిటికన్నా కష్టమైన గీత. చివర్లో వదిన, ఇక మీరే గియ్యండి, తప్పు పోతే చెరపండి, కంప్యూటర్ ఏమీ అనుకోదు అంది. రేపు ఆపరేషన్.

మార్చి 26, మధ్యాహ్నం 1:10

బాగా జరిగింది.

మార్చి 31, సోమవారం

నా బుద్ధి గడ్డి తింది.

ఆరో పాఠం రికార్డు చేసే ముందు నేను ముప్ఫైని అరవై చేశాను. ఎవరూ చెయ్యమనలేదు. ముప్ఫైయే ఇంత బాగుంటే అరవై ఇంకెంత బాగుంటుందో, ఆఖరి పాఠం కదా అనుకున్నాను. పాత లాప్‌టాప్ ఆ పరుగు అందుకోలేకపోయింది. మౌస్ ఇక్కడ ఉంటుంది, మరుక్షణం అక్కడుంటుంది. మధ్యలో గీసిన వంపు అసలు లేనే లేదు. పంతొమ్మిది నిమిషాలూ ఇదే తంతు. ఆ రోజు మొదటి నిమిషం చూసి మూసేశాను. మొదటి నిమిషంలో వదిన మౌస్ ముట్టుకోకుండా మాట్లాడుతోంది మరి.

మాట మాత్రం చక్కగా ఉంది. ఎక్కడా ఒక్క పొల్లు పోలేదు.

వదిన ఇప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడబోతే గాలి తప్ప ఏమీ రావడం లేదని అన్నయ్య చెప్పాడు.

ఏప్రిల్ 2, బుధవారం

చెప్పేశాను. అరవై సంగతే కాదు, ఎడిటింగ్ రాదన్న సంగతి కూడా. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, నేల చూస్తూ.

వదిన నోట్‌బుక్ అందుకుని రాసింది. రాదని మొదటిరోజే తెలుసు. ఫ్రేములు ఎన్ని అని అడిగితే, ఏ సైజు ఫొటోకి అన్నావు.

తర్వాత ఇంకో లైను రాసింది. నా గొంతు రికార్డయింది కదా?

అయిందన్నాను.

మరి ఆపరేషన్ గొంతుకి. చేతికి కాదుగా.

అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక ఏడ్చాను. ఆవిడ నవ్వింది, చప్పుడు లేకుండా, మెడ మీద కట్టు పట్టుకుని.

ఏప్రిల్ 5, శనివారం

సెట్టింగులు మూడుసార్లు చూశాను. 1920. ముప్ఫై. రెండుచోట్లా. వదినకి హెడ్‌ఫోన్లు పెట్టి, ఆవిడ మాటే ఆవిడకి వినిపించాను. ఆ మాట చెప్పినట్టల్లా ఆవిడ మౌస్ కదిపింది, నేను స్క్రీన్ మాత్రం మళ్ళీ రికార్డు చేశాను.

మొదటిసారి కుదరలేదు. నోట్‌బుక్‌లో, ఈవిడ మరీ తొందరగా మాట్లాడుతోంది అని రాసింది. రెండోసారి, ఒక్క నిమిషం, నీళ్ళు తాగుతా అని హెడ్‌ఫోన్లలో గొంతు అనగానే, ఇక్కడ చెయ్యి గ్లాసు మీదికి వెళ్ళింది. అన్నయ్య, నేనూ నోళ్ళు మూసుకుని నవ్వాం.

మూడోసారి సగంలో ఆవిడ మౌస్ వదిలేసింది. కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది. వంపు అక్కర్లేదు, గీత అక్కర్లేదు, వట్టి వినడమే. పాఠం అయ్యేదాకా నేను ఆపలేదు. అన్నయ్య వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యేశాడు.

తర్వాత వేలు పైకెత్తి తిప్పింది. మళ్ళీ మొదటినుంచి.

నాలుగోసారి కుదిరింది. ఈసారి పంతొమ్మిది నిమిషాలూ కూర్చుని చూశాను. రెండుసార్లు.

ఏప్రిల్ 10, గురువారం

వర్క్‌షాపులో ఆరో పాఠం వేశారు. కుట్టుమిషన్లన్నీ ఆపేశారు. టీవీలో వదిన మాట, టీవీ పక్కన వదిన, నోరు మూసుకుని, చేతులు కట్టుకుని. అందరిలోకీ పెద్దావిడ ఉండబట్టలేక, ఆ వంపు అంత లోతుగా ఎందుకు తీశావమ్మా అని టీవీనే అడిగింది. వదిన ముందుకొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని పైకెత్తి, చంక దగ్గర గుడ్డ ఎలా లాగుతోందో చూపించింది. ఆ, అదా, అంది పెద్దావిడ.

సాయంత్రానికి పదకొండు వంపులూ గీశారు. ఏడు బాగున్నాయట. నాలుగు చెరిపారట.

ఏప్రిల్ 29, ఉదయం 8:05

ఫోన్ మోగింది. అన్నయ్య నంబరు. ఎవరో ముసలాయన గొంతు. ఎవరండీ, మా అన్నయ్య ఫోన్ మీ దగ్గరెందుకుంది అన్నాను.

నేనేనే, మీ వదినని. మీసాలింకా రాలేదు, భయపడకు అంది.