చెక్కగోడ అవతల జోలపాట

అక్కకు,

అందరం కులాసా. చంటిదానికి జ్వరం తగ్గింది, కంగారు పడకు.

“ఇన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉండి వాళ్ల భాష ఒక్క ముక్క నేర్చుకోలేదు, అవసరమొస్తే ఏం చేస్తావే?” అని తిట్టేదానివి కదా. ఆ అవసరం మొన్న మధ్యాహ్నం రానే వచ్చింది. మీ మరిది డ్యూటీలో ఉన్నారు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. పక్క వాటా ముసలావిడ తలుపు కొట్టి, వాళ్ల భాషలో చెప్పడం రాక పిల్లని ముందుకు చాపాను. ఆవిడ పిల్ల నుదురు తాకి చూసి, తనే డాక్టర్ని పిలిపించింది. సూది నొప్పికి గుక్కపట్టిన పిల్లని భుజాన వేసుకుని పాట మొదలుపెట్టింది. ఏం పాడిందనుకున్నావ్?

“బాబాయి ముక్కు బెండకాయ, జోజో!”

నీ పిల్లలకి నువ్వు కట్టిన పాటే, అక్కా! మా వాటాల మధ్య ఉన్నది ఉత్త చెక్కగోడ. ఆవిడ మాట నేనెన్నడూ చెవిన పెట్టలేదు, ఆవిడ మాత్రం రోజూ నా పాట వింటూనే ఉందన్నమాట.

నాన్న కంటి ఆపరేషన్ ఎప్పుడు? మీ పిల్లల పాత స్వెట్టర్లుంటే పంపు. అమ్మకు నా దండాలు. ఆ పాటలో “అత్త జడ పొట్లకాయ” తర్వాత ఏమిటో వెంటనే రాయి. గుర్తులేక నేను రోజూ అక్కడే ఆపేస్తున్నాను. ఆవిడా సరిగ్గా అక్కడే ఆగి, తర్వాతేమిటన్నట్టు నా మొహం చూసింది.

నీ చెల్లి