పాత చీటీ

మలాజ్, రియాద్
శుక్రవారం

ఆస్మాకు సలాం.

ఫోన్లో చెప్పబోతే మాట తడబడుతుందని రాస్తున్నాను.

ఇక్కడ నా పని నీకు తెలుసు. ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద కుట్టి, పేరు చీటీలు అంటించి, బీరువాల్లో పెట్టడం. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట హాయిల్ ఎడారి ఇసుకలో కోసిన ఒక మొక్క వేరే ప్రజాతిదని ఈమధ్య తేల్చి, దానికి పేరు మార్చారు. అట్ట శుభ్రంగా ఉంటుందని నేను పాత చీటీ గీకి పారేసి, కొత్తది అంటించాను. మా అచ్యుతరావు సార్ చూసి తల పట్టుకున్నారు.

"పాతది పీకేశావేంటయ్యా! పేరు మారితే కొత్త చీటీ పక్కన అంటిస్తాం గానీ, పాతది ముట్టుకోం. మొదట దాన్ని చూసి పేరు పెట్టినవాడు పిచ్చోడా?"

చెత్తబుట్టలో ముక్కలు ఏరి, మధ్యాహ్నం దాకా అతికించాను.

మన నిఖా అయి ఆరు నెలలైనా నౌషీన్ బడి పుస్తకాల మీది పేరు చీటీల్లో 'నౌషీన్ షాబాజ్' అనే రాసుకుంటోందని, చనిపోయిన వాళ్ళ నాన్న పేరు చింపేసి నా పేరు అంటించమని పోయినవారం నీ మీద అరిచాను. నువ్వు సరేనన్నావు. ఆ సరే ఎలా ఉందో నాకు ఇప్పుడు వినిపిస్తోంది.

చింపకు ఆస్మా. ఈపాటికే చింపేసి ఉంటే ముక్కలు పారెయ్యకు. సెలవుకి వచ్చి నేనే అతికిస్తాను.

నా చీటీకి తొందరేం లేదు. పక్కన చోటుంటే, ఎప్పుడో నౌషీనే అంటిస్తుంది.

ఖుదా హాఫిజ్.

ఇట్లు,
నౌషీన్ ఇంకా 'అంకుల్' అని పిలిచే మనిషి