ఎడమ పైమూల

జూలై 3

వెనక్కి తీసుకెళ్ళే బాణం గుర్తు ఈరోజు మళ్ళీ పోయింది.

కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో ఒక పుస్తకం వివరాలు చూసి ముందు పేజీకి రావాలి. గుర్తు లేదు. ల్యాబ్ నుంచి సత్తిబాబు గారిని పిలిచాను. ఆయన కుర్చీ కూడా లాక్కోకుండా, వంగి, తెర మీద వేలు పెట్టారు. "ఆయ్, ఇదిగోనండి మేడమ్ గారు. ఉన్నచోటే ఉందండి. ఎక్కడికి పోద్దండీ, రెక్కలున్నాయా ఏంటి?" కౌంటర్ దగ్గర వసంత నవ్వింది. నేనూ నవ్వాను.

ఆయన వేలు పెట్టాక ఉంది. అంతకుముందు లేదు. ఈ వారంలో ఇది మూడోసారి.

జూలై 4

కుదురుగా కూర్చుని గమనించాను. తెర మధ్యలో చదువుతున్నంతసేపూ ఎడమ పైమూల ఉండటం లేదు. కన్ను అటు తిప్పితే ఉంది. లేనప్పుడు నలుపు కాదు, మసకా కాదు... పక్కనున్న తెలుపే అక్కడికీ పాకి సర్దుకుంటోంది. వరదలో చిన్న లంక మునిగినట్టు. ఎరిగినవాళ్ళకే అక్కడొక లంక ఉండేదని తెలుస్తుంది. కొత్తగా వచ్చి చూసేవాళ్ళకి అంతా గోదావరే.

అలసటేమో. నలభై నాలుగేళ్ళొచ్చాయి. అద్దాలు మార్చాలేమో.

ఏమో.

జూలై 6, ఆదివారం

చర్చిలో పాటల నంబర్లు రాసే పలక ఎడమ గోడకి, కాస్త ఎత్తుగా ఉంటుంది. పుట్టినప్పటి నుంచి అక్కడే. ఈరోజు అందరి పేజీలూ ఒక్కసారి గలగలమన్నాయి, నా చేతిలో పుస్తకం మూసే ఉంది. పక్కావిడ పుస్తకంలోకి తొంగిచూశాను. "పుస్తకం తెచ్చుకోలేదా సుగుణా?" అన్నారావిడ, చేతిలో ఉన్నదాన్ని చూస్తూనే.

పాట మాత్రం నోటికి వచ్చు. కళ్ళు మూసుకుని పాడాను. ఎంత హాయిగా ఉందో... అన్ని మూలలూ ఉన్నాయి.

జూలై 8

కంటి ఆసుపత్రి. ఇంట్లో కాలేజీ పని అన్నాను, కాలేజీలో జ్వరం అన్నాను.

రెండు కళ్ళలోనూ లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉందిట. నీటికాసులు. నరం కొంత దెబ్బతిందన్నారు డాక్టరుగారు. "పోయిన చూపు రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకుందాం."

ఎంత పోయిందో తెలుసుకోవటానికి ఒక పరీక్ష. తెల్లటి గిన్నెలాంటి పెట్టెకి గడ్డం ఆనించి కూర్చోవాలి. మధ్యనున్న చుక్కనే చూస్తుండాలి. చుట్టుపక్కల ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కాలి. మెరుస్తున్నాయి — ఇక్కడొకటి, అదిగో అక్కడొకటి, వానాకాలం మిణుగురుల్లా. అంత భయంలోనూ నవ్వొచ్చింది. తరువాత చాలాసేపు ఏమీ లేదు. ఇంతసేపు మెరవకుండా ఉంటుందా? మెరిసే ఉంటుంది, నేనే చూడలేదేమో... నొక్కాను. మళ్ళీ నొక్కాను.

పరీక్ష చేసిన అమ్మాయి కాగితం చూసి నిట్టూర్చింది. "కనపడనివి కూడా నొక్కేశారండీ మేడమ్. ఈ రిపోర్టు పనికిరాదు."

ఈ వయసులో కాపీ కొట్టి దొరికిపోయాను.

రోజూ చుక్కల మందు. ఆగస్టు ఐదున మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా బండి నడపవద్దన్నారు. ఊఁ అన్నాను. ఆసుపత్రి బయట నా స్కూటీ నిలబడి ఉంది. ఎక్కి ఇంటికి వచ్చాను.

జూలై 9

మందు ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె వెనక.

కాలేజీలో తెర పైవరసలో ఖాళీ చోట మౌసు కుడి బటన్ నొక్కాను, పొరపాటున. ఏవో మాటలు జారాయి కిందికి. అందులో ఒకటి, మీ ఇష్టం వచ్చినట్టు సర్దుకోండి అని. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది కాబోలు ఆ మాట! నొక్కితే పైనున్న గుర్తులన్నీ పట్టు వదిలేశాయి. బాణాన్ని పట్టుకుని లాగాను. వచ్చింది. నీళ్ళ మీద ఆకులా తేలుతూ తెరకి అడ్డంగా వచ్చింది, కుడి చివరికి. అక్కడ వదిలాను. పక్కవి జరిగి చోటిచ్చాయి.

మధ్యలో చదువుతూ చూశాను. ఉంది.

ముందుకి వెళ్ళేది, పేజీని మళ్ళీ తెప్పించేది, మొదటి పేజీకి పోయే ఇల్లు గుర్తు — ఒక్కొక్కటే తీసుకొచ్చాను. మునిగే ఊరి నుంచి సామాను దాటిస్తున్నట్టు.

జూలై 11

ఇంట్లో ల్యాప్‌టాప్ కూడా. ఎప్పుడూ ముట్టుకోని గుర్తులు తీసేశాను. ఐదు మిగిలాయి, చాలు. రోజూ తెరిచే పేజీల పేర్లు కుడి అంచున నిలువుగా పేర్చాను. బ్రౌజర్ కిటికీ మొత్తాన్ని కాస్త చిన్నది చేసి కింద కుడివైపుకి దించాను. ఫోన్లో అడ్రసు రాసే గడి కూడా కిందికి దిగింది.

ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం మీట నొక్కితే గుర్తుతో పనే లేదు, వెనక్కి పోతుంది. ఇది సత్తిబాబు గారు చెప్పారు. "మీకిప్పుడు చూడాల్సిన పనే లేదండి," అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు.

జూలై 12

"సుగుణా, ఇదేంటిది? మార్కులు ఎక్కించి వెనక్కి రావాలంటే దారి లేదు!" — మా ఆయన, ల్యాప్‌టాప్ ముందు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి, ప్రతిదీ దాని చోట ఉండాలి.

"స్పీడుగా ఉంటుందని మార్చానండీ. కుడి చేతికి దగ్గర."

"నా చెయ్యి ఇరవై ఏళ్ళ బట్టి ఎడమకే పోతోంది."

సాయంత్రానికి అన్నీ పాత చోటికి వెళ్ళిపోయాయి. ఆయన బయటికి వెళ్ళాక మళ్ళీ మార్చుకున్నాను.

జూలై 16

వసంత నా వెనక నిలబడి చూసింది. "మేడమ్, మీ వేళ్ళేంటండీ అలా పరిగెడుతున్నాయి! నాక్కూడా అలా సర్దిపెట్టండి." సర్దాను. భోజనాల వేళకి కామర్స్ మేడమ్, ఆవిడ వెనకాల ఆఫీసు క్లర్కు.

వద్దనటానికి కారణం దొరకలేదు. ఉన్న ఒక్క కారణం చెప్పేది కాదు.

జూలై 19

ప్రిన్సిపాల్ గారి మాట మీద స్టాఫ్‌కి అరగంట క్లాసు. పెద్ద తెర మీద బాణాన్ని లాగి చూపించాను. ఎవరికేం కావాలో వాళ్ళు ముందు పెట్టుకోండి, ముట్టుకోనివి తీసేయండి, చెయ్యి తక్కువ దూరం పోవాలి... ఎంత తెలిసినదానిలా చెప్పానో. తల ఊపారు, రాసుకున్నారు కూడా.

కామర్స్ మేడమ్ అడిగింది: "అన్నీ కుడిపక్కకే ఎందుకండీ? ఎడం పక్క ఏం పాపం చేసింది?"

గది నవ్వింది. పెద్ద తెర ఎడమ సగంలో ఏముందో ఆ క్షణాన నాకు తెలియదు. "మౌసు చెయ్యి అటే కదండీ," అన్నాను.

చప్పట్లు.

జూలై 20

చర్చిలో పలక దగ్గరగా, ముందు వరసలో కూర్చున్నాను. "ఏంటి, భక్తి పెరిగిందా?" అని ఆయన.

ఇప్పుడే చెప్పేస్తే? పరీక్ష సరిగ్గా అయ్యాక చెబుదాం. అసలేమీ లేదని తేలితే ఊరికే భయపెట్టినట్టు కదా. తేలదని తెలుసు. ఐనా.

జూలై 22

రాయాలని లేదు. రాస్తాను.

మా అమ్మాయి కీర్తనని ట్యూషన్‌కి దింపటానికి బయలుదేరాను. కాలవ రోడ్డు. ఎడమ పక్క కాలవ గట్టు ఎత్తుగా. నాట్ల రోజులు కదా, ఒకాయన నారు కట్టలు కావిడికి రెండువైపులా వేసుకుని గట్టు దిగుతున్నాడు. దిగుతున్నాడని తరువాత కీర్తన చెప్పింది. నాకు రోడ్డు ఉంది, గట్టు మీద పచ్చ ఉంది, ఆకాశం ఉంది. మనిషి లేడు.

"అమ్మా!"

బ్రేకు. కావిడి కొస హ్యాండిల్‌కి తగిలి కట్టలు రోడ్డంతా చెదిరాయి. ఆయన పడలేదు. దేవుడి దయ, పడలేదు. నిలదొక్కుకుని — "ఏవండోయ్ అమ్మగారూ, కళ్ళు ఇంటికాడ పెట్టొచ్చారాండీ?"

అంత కోపంలోనూ అండి మానలేదు. ఏడుపొచ్చింది.

ఇద్దరం వంగి నారు ఏరాం. తడి వేళ్ళు, బురద వాసన. కీర్తన తల ఎత్తకుండా అడిగింది: "అంత మనిషి దిగొస్తుంటే నీకు కనపళ్ళేదా అమ్మా?"

"ఎండ పడింది కళ్ళలో."

ఆకాశం మబ్బుగా ఉంది. కీర్తన పైకి చూసింది, నన్ను చూసింది, మళ్ళీ నారు ఏరసాగింది.

జూలై 23

కీర్తన బండి మీద నా వెనకాల కూర్చుని ఉంది. కళ్ళు మూసినా అదే.

బండి చెడిందని చెప్పాను. పిల్ల షేర్ ఆటోలో వెళుతోంది.

జూలై 24

ఆయన వరండాలోకి వెళ్ళి బటన్ నొక్కారు. ఒక్క నొక్కుకే స్టార్టయింది.

"బాగానే ఉందిగా?"

"నిన్న లేదండీ."

తాళం తీసి జేబులో వేసుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

జూలై 29

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. కాలేజీ నుంచి వస్తూ ఆటో ఆపించి ధవళేశ్వరం దగ్గర కాసేపు నిలబడ్డాను. దూరంగా ఒడ్డూ నీరూ ఒకే రంగు. ఎక్కడ ఏది ఆగిపోతుందో చెప్పలేం. నిద్రలో ఉన్నట్టుంది చూస్తుంటే. ఇంత అందంగా ఉంటే భయపడటం కష్టం.

ఆగస్టు 1

ఇంటి ల్యాప్‌టాప్‌లో బాణం లేదు.

నేను పెట్టిన చోటే చూశాను, కుడివైపున. కళ్ళు తిప్పి వెతికితే దొరికింది, మధ్యకి కాస్త ఇవతల. అక్కడ పెట్టానా? ఆయన ఎప్పటిలా జరిపారా? జరిపితే పూర్తిగా పాత చోటికే పెడతారు కదా. నేనే వదిలానా అక్కడ? వదిలితే, నిన్నటిదాకా కనిపించింది ఈరోజు...

ఆయన్ని అడగటం తేలిక. "గుర్తు మీరు జరిపారా?" మూడు మాటలు. అడగలేదు. జరపలేదంటే?

కుడి చివరికంటా లాగేశాను. అక్కడితో తెర ఐపోయింది.

ఆగస్టు 2

కాలేజీలో వసంత చెబుతోంది, స్టాఫ్ అందరూ పాత పద్ధతికే మార్చేసుకున్నారట. "అలవాటు తప్పట్లేదండీ మేడమ్. మీరొక్కరే."

ఆగస్టు 4

రేపు పరీక్ష.

సాయంత్రం కీర్తన ట్యూషన్‌లో ఉంది. ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, "ఇలా రా," అన్నారు. గుర్తుల గొడవే అనుకున్నాను.

"ఎన్నిసార్లు సర్దినా ఒక్క మూల ఖాళీగా వదిలేస్తున్నావు. కిటికీ కూడా ఆ మూలకి తగలకుండా దించేస్తున్నావు. ఏంటది?"

"స్పీడుగా..."

"లెక్కల మాస్టార్ని సుగుణా. జవాబు వద్దు, స్టెప్పులు చెప్పు."

చెప్పాను. ఆసుపత్రి, నీటికాసులు, పెరుగు గిన్నె వెనక మందు, ఊరికే నొక్కిన మీట. డాక్టరుగారు బండి వద్దన్న మాట దగ్గర ఆగాను. అదీ చెప్పాను. కావిడి ఆయన సంగతి కూడా.

"పిల్లని వెనకాల కూర్చోబెట్టుకునా?" అన్నారాయన.

లేచి వెళ్ళిపోతారనుకున్నాను. కుర్చీ దగ్గరగా లాక్కున్నారు. గుర్తులు సర్దే పేజీ తెరిచి, బాణాన్ని పట్టుకుని, ఎడమ పైమూలకి తీసుకెళ్ళారు.

"వారం బట్టి నేను దేన్నీ ముట్టుకోలేదు," అన్నారు, అడగకుండానే. అంటే ఒకటో తారీఖున బాణాన్ని ఆయన జరపలేదు.

"తెర మధ్యలో ఈ అక్షరం చూడు. కన్ను తిప్పకు. కుడివైపుకి జరుపుకుంటూ వస్తాను, కనిపించగానే చెప్పు. ఊరికే చెప్పకు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

కనిపిస్తోందని అందామనిపించింది. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఎప్పుడూ అంతే కదా నేను, ఎదుటి మనిషి ఎదురుచూస్తుంటే నొక్కేస్తాను.

"లేదు."

"ఇప్పుడు?" — గొంతు మామూలుగానే ఉంచారు.

"లేదండీ."

మౌసు బల్ల మీద జరిగిన చప్పుడు, కొంచెం. మళ్ళీ కొంచెం.

"ఇప్పుడు?"

అక్షరాన్నే చూస్తున్నాను. చుట్టూ అంతా తెల్లగా, నిండుగా, ఎక్కడా ఏ లోటూ లేనట్టుగా ఉంది.

"లేదు," అన్నాను.

ఆయన ఇంక అడగలేదు. మౌసు మీది చెయ్యి తీయలేదు. అప్పటికి బాణం ఎక్కడిదాకా వచ్చిందో నేను కన్ను తిప్పి చూడలేదు. భోజనాలయ్యాయి, కీర్తన వచ్చింది, పొద్దున తొమ్మిదింటికి బయలుదేరాలని అనుకున్నాం. ఎక్కడ ఆపారో ఆయన చెప్పలేదు. నేనింకా అడగలేదు.