ఏడో అంశంగా గిరిజ పేరు

ట్రాయ్, మిషిగన్,
మార్చి 23.

శ్రీయుత శశికాంత్ గారికి,
డిప్యూటీ డైరెక్టరు,
అమెరికా విదేశీ భాగస్వామ్యాల కార్యాలయము.

అయ్యా,

విషయం: మిత్రరాజ్యపు యువరాజు గారి పర్యటనలో ప్రస్తావించవలసిన అంశముల జాబితాయందు ఏడవ అంశముగా నా కుమార్తె గిరిజ పేరు చేర్చుట గురించి.

సూచిక: నవంబరు, డిసెంబరు, ఫిబ్రవరి నెలలలో నేను పెట్టుకొన్న మూడు అర్జీలు.

పై విషయమును పురస్కరించుకొని, మా జిల్లా కలెక్టరాఫీసు అర్జీల సెక్షనులో ముప్పై ఒక్క సంవత్సరములు పనిచేసి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన అనంతలక్ష్మి అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నా మొదటి అర్జీని తమ కార్యాలయము "దయచేసి ఇంగ్లీషులో పంపగలరు" అని తిప్పి పంపినది. ఇంగ్లీషులో పంపిన రెండింటికీ "మీ ఆవేదన మాకు అర్థమైనది, విషయము పరిశీలనలో ఉన్నది" అని ఒకే జవాబు వచ్చినది. ఈ వాక్యం నాకు కొత్త కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోజుకు నలభైసార్లు నేను రాసిన వాక్యమే. పరిశీలనలో ఉన్నది అంటే ఫైలు బీరువా మీద ఉన్నది అని అర్థం. ఎవరూ చూడటం లేదు అని కూడా అర్థం. కనుక ఈసారి తెలుగులోనే రాస్తున్నాను. తాము విజయవాడలో పదో తరగతి దాకా తెలుగులోనే చదువుకొన్నారని తమ తల్లిగారు రాధారాణి గారు చెప్పియున్నారు. అర్థం కాలేదని అనడానికి వీల్లేదు.

2. సదరు రాజ్యం పేరు ఈ అర్జీలో ఎక్కడా రాయడం లేదు. "మీరు పేరు రాసిన ప్రతి కాగితం అక్కడ ఆమె ఫైలులో చేరుతుంది, శిక్ష పెరుగుతుంది" అని గిరిజ కేసు చూస్తున్న వకీలు చెప్పాడు. కనుక తమరు వాడిన మాటనే వాడి మిత్రరాజ్యం అంటున్నాను. ఆ మాట రాసిన ప్రతిసారీ కలం విసిరికొట్టాలనిపిస్తున్నది.

గత అక్టోబరులో గిరిజా నేనూ హైదరాబాదుకు బయలుదేరాము. మధ్యలో ఒక్కచోటే విమానం మారితే చాలునని, శాకాహారం పెడతారని, వీల్‌చైరు వాళ్ళు మర్యాదగా చూస్తారని, మిత్రరాజ్యం మీదుగానే టికెట్లు బుక్ చేయమని పట్టుబట్టింది నేను. నాకు వీల్‌చైరు అవసరం లేదు. ఇక్కడ రోజుకు మూడు మైళ్ళు నడుస్తాను. పిల్లల దగ్గరికి వచ్చిపోయే మా వయసు వాళ్ళమంతా పొడుగాటి క్యూలు తప్పుతాయని, ఆ యాస ఇంగ్లీషుకు జవాబు చెప్పే బాధ తప్పుతుందని వీల్‌చైరు రాయించుకొంటామన్నది తమకు తెలియనిది కాదు. తమ తల్లిగారికి తమరే రాయిస్తారు.

ఆ విమానాశ్రయంలో చలిగా ఉందని గిరిజ తన శాలువా తీసి నా మోకాళ్ళ మీద కప్పింది. ఆకుపచ్చది, అంచు దగ్గర కొంచెం పోగు లేచినది. "కదలకుండా కూర్చో అమ్మా, కాఫీ పట్టుకొస్తా" అంది. పది అడుగులు వేసిందో లేదో ముగ్గురు మనుషులు వచ్చి పాస్‌పోర్టు అడిగారు. ఒకడు మోచెయ్యి పట్టుకొన్నాడు. నేను వీల్‌చైరులో నుంచి లేచి పరిగెత్తాను. నన్ను తోసుకొచ్చిన ఆయన నిర్ఘాంతపోయి "మేడమ్, యూ కెన్ వాక్?" అని అడిగాడు. గాజు గోడ అవతల నల్ల వాహనం ఉంది. దానిలోకి ఎక్కించారు. తలుపు మూసుకొంది. ఫోనుతో తీసిన వీడియో నా దగ్గర ఉంది, పదకొండు సెకన్లు. నన్ను మళ్ళీ అదే వీల్‌చైరులో కూర్చోబెట్టి, ఇద్దరు పట్టుకొని, హైదరాబాదు విమానం ఎక్కించారు. దిగిన మూడో వారం మనవరాలి కోసం వేరే దారిన తిరిగి వచ్చాను.

శిక్ష ఏడు సంవత్సరములు. గిరిజ ఇండియా పౌరురాలు గనుక తమ పరిధి కాదని ఇక్కడి వారు, అమెరికా నివాసి గనుక అక్కడే అడగండని ఇండియా వారు అంటున్నారు. ఆమె మా దేశంలోనే లేదని మిత్రరాజ్యం అంటున్నది. నెలకొకసారి ఆమె చేత నాలుగు నిమిషాలు ఫోను మాట్లాడిస్తున్నది కూడా ఆ మిత్రరాజ్యమే.

3. నేరం ఏమనగా, గిరిజ ఫేస్‌బుక్కులో తెలుగులో ఎనిమిది వాక్యాలు రాసింది. కోనసీమ నుంచి ఇంటిపనికి మిత్రరాజ్యం వెళ్ళి, యజమాని ఇంటి మేడ మీద నుంచి పడి చనిపోయిన సువార్త అనే అమ్మాయి గురించి. పడలేదని, తోశారని రాసింది. ఆ ఇల్లు రాజుగారి బంధువులదని రాసింది. లైకులు ముప్పై నాలుగు. అందులో ఒకటి తమది.

గమనించ ప్రార్థన: ఆ పోస్టు తెలుగులో ఉంది. అయినా చదివి, అర్థం చేసుకొని, రెండేళ్ళు దాచుకొని, టికెట్టు తీసుకొన్నప్పుడు పట్టుకొన్నారు. అంటే వాళ్ళ పోలీసుల దగ్గర తెలుగు చదివేవాళ్ళు ఉన్నారు. తమ కార్యాలయంలో లేరట.

4. ఈ అంశం అర్జీలో ఉండవలసినది కాదు. అయినా రాస్తున్నాను. సువార్త సంగతి గిరిజకు చెప్పింది నేను. సువార్త తల్లి దానమ్మ పద్నాలుగేళ్ళ క్రితం ప్రతి సోమవారమూ మా ఆఫీసుకు వచ్చేది. కూతురు బతికి ఉండగానే వచ్చేది. "అమ్మా, దాన్ని కొడతన్నారంట, ఫోను లాగేసుకున్నారంట, ఒక్క ఉత్తరం ముక్క రాయించండమ్మా" అని నా టేబులు పట్టుకొని నిలబడేది. నేను ఆ ఫైలు మీద "విదేశీ వ్యవహారమైనందున ఈ కార్యాలయ పరిధిలోనికి రాదు, ముగించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాతి సోమవారం ఆమె రాలేదు. దాని తర్వాత ఒకే ఒకసారి వచ్చి, ఏమీ అడగకుండా, నన్ను చూసి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒకనాడు నడుస్తూ నడుస్తూ ఇదంతా గిరిజతో చెప్పుకొన్నాను. నా గుండె బరువు దించుకొన్నాను, అది తీసుకొని నా కూతురు ఎనిమిది వాక్యాలు రాసింది. కాబట్టి అయ్యా, సంతకం పెట్టి పక్కకు నెట్టేసేవాళ్ళ సంగతి నాకు లోపలి నుంచి తెలుసు. నన్ను నేను క్షమించుకోలేదు. తమరిని క్షమిస్తానని అనుకోవద్దు.

5. నా అల్లుడు చక్రధర్ ఇక్కడి ఒక ప్లాంటులో ఇంజనీరు. అక్కడ పోలీసులు వాడే కవచ వాహనాలు తయారవుతాయి. తలుపుల డిజైను అతనిది. నా వీడియో చూపించినప్పుడు మొదట ఏడ్చాడు. తర్వాత ఒకచోట ఆపి, వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూశాడు.

"అత్తయ్యా, ఆ హింజ్ నాది."

"ఏమిటి నాయనా?"

"ఆ తలుపు హింజ్, మడతబందు. నేనే డిజైన్ చేశాను. లోపల్నుంచి ఎంత బాదినా కదలదు. దానికి నాకు అవార్డు కూడా ఇచ్చారు."

అప్పటి నుంచి అతను కారు తలుపు కూడా చప్పుడు కాకుండా వేస్తున్నాడు. ఉద్యోగం మానలేడు. హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు, మానితే అరవై రోజుల్లో దేశం వదలాలి. వదిలితే ఇక్కడ గిరిజ కోసం అడిగేవాళ్ళు కూడా ఉండరు. ఏప్రిల్ రెండున యువరాజు గారు ప్లాంటుకు వచ్చినప్పుడు ఆ తలుపు తీసి, వేసి చూపించే పని అతనికే అప్పగించారు. ఆ కార్యక్రమ పత్రం మీద సంతకం తమది.

6. యువరాజులు పరదేశం వెళ్ళినప్పుడు, ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు పేరు పెట్టి అడిగితే ఒకరిద్దరు ఖైదీలను విడిచిపెట్టడం వాళ్ళ ఆనవాయితీ అని వకీలు చెప్పాడు. అడగాలి, పేరు పెట్టి అడగాలి. వేరే దారి లేదన్నాడు. ఆ జాబితా తయారుచేసేది తమరు.

అందుకే ఈ నెల మొదటి వారంలో తమ ఇంటికి వచ్చాను. తమరు సోఫాలో నా పక్కన కూర్చొని నా చెయ్యి పట్టుకొని అన్న మాటలు యథాతథంగా రికార్డు చేస్తున్నాను: "ఆంటీ, ఐ ఫీల్ ఫర్ యూ. గిరిజ నాకు సిస్టర్ లాంటిది. బట్ దే ఆర్ అవర్ పార్ట్‌నర్స్. ఇప్పుడు రెయిజ్ చేస్తే విజిట్ టోనే మారిపోతుంది. లిస్ట్ ఆల్రెడీ ఫైనల్ అయింది, ఇంకొకటి యాడ్ చేసే చాన్స్ లేదు."

తమ సిస్టర్ లాంటి గిరిజ, తమరు వాషింగ్టన్‌లో మీటింగులలో ఉన్నప్పుడు, తమ తల్లిగారికి మోకాలి ఆపరేషను అయితే ఆరు వారాలు ఫిజియోథెరపీకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. ఆ మాట నేను ఆ రోజు అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఆ జాబితా నేను చూశాను. యువరాజు గారికి మన తెలుగు పిల్లల చేత స్వాగత నృత్యం చేయించడానికి మన సంఘం కార్యదర్శి రాజారావు గారికి తమరు కార్యక్రమం పంపితే, ఆయన తెలియక వాట్సాప్ గ్రూపులో మొత్తం ఫైలు పెట్టేశారు. అంశాలు ఆరు. వాహనాలు, శిక్షణ కేంద్రం, విమానాలు, స్కాలర్‌షిప్పులు, గోల్ఫు. ఆరోది, యువరాజు గారి వెంట వచ్చే నాలుగు డేగలకు పశువైద్యుల ధ్రువపత్రం. డేగకు చోటు దొరికింది. నృత్యంలో ముందు వరుసకు నా మనవరాలు అవనిని ఎంపిక చేశారు. దానికి తొమ్మిదేళ్ళు. "అమ్మమ్మా, నేను డాన్స్ బాగా చేస్తే ప్రిన్స్ మమ్మీని ఇస్తాడా?" అని అడిగింది. దానికి ఏ జవాబు రాయమంటారు? పరిశీలనలో ఉన్నది అని రాయనా?

7. (ఈ అంశం తమరు పూరించుట కొరకు ఖాళీగా ఉంచడమైనది.)

కావున తమరు సదరు జాబితాలో ఏడవ అంశముగా గిరిజ పేరు, పాస్‌పోర్టు నంబరు సహా చేర్చి, ఆ నకలు మార్చి 27 శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోగా నాకు పంపవలసినదిగా కోరుచున్నాను. ప్రార్థించుచున్నాను అని రాయడం వాడుక. మూడు అర్జీల్లో ప్రార్థించాను, ఇక చాలు.

పంపని పక్షంలో జరగబోయేది కూడా విన్నవిస్తున్నాను. మార్చి 28 శనివారం మన సంఘం ఉగాది వేడుకలో తమరికి సన్మానం ఉన్నది. వచ్చిన ప్రతి కుటుంబానికీ ఇచ్చే తాంబూలం సంచులు కట్టే బాధ్యత మహిళా విభాగం వారు నాకు అప్పగించారు. మూడు వందల పన్నెండు సంచులు. జాకెట్టు ముక్క, పసుపు, కుంకుమ, వక్కపొడి, వాటి కింద ఈ అర్జీ. ఇంటికి వెళ్ళి సంచి విప్పుకోని ఆడమనిషి మనలో ఎవరూ లేరు. సోమవారానికల్లా తమరు ఏ గుడికి వెళ్ళినా, ఏ పుట్టినరోజుకు వెళ్ళినా, పళ్ళెం అందించే ప్రతి చెయ్యీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం కోసమే నేను ఇదంతా చేస్తున్నాను. ఇది పగేనా అని ఎవరైనా అడిగితే, అవును, పగే. రికార్డులో అలాగే నమోదు చేసుకోవచ్చు.

యువరాజును నేను ఏమీ చేయలేను. నాకు చేతికి అందే దూరంలో ఉన్నది తమరే.

ఇది నా నాలుగవ అర్జీ. తమరు చిత్తగించవలెను, చిత్తగించనిచో ఊరంతా చిత్తగిస్తుంది.

శుక్రవారం సాయంత్రం ఐదు వరకు మాత్రమే
తమ విధేయురాలు,
అనంతలక్ష్మి

నకలు సమర్పించడమైనది:
1. శ్రీమతి రాధారాణి గారికి (తమ తల్లిగారు).
2. మూడు వందల పన్నెండు కుటుంబాలకు, పైన చెప్పిన విధంగా.
3. దానమ్మకు. చిరునామా తెలియదు. ఫైలులో ఉంచడమైనది.

తా.క.: శశీ, ఈ కాగితం మీద సంతకం పెట్టాక, తప్పు పని చాటుగా చేయకూడదని, మొదటి నకలు మీ అమ్మకు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివింది. తిడుతుందనుకొన్నాను. మోకాలు పట్టుకొని మెల్లగా కింద చాప మీద కూర్చొని, "ఇటివ్వండి వదినగారూ, మీరొక్కరే ఎన్నని మడతపెడతారు" అంది. మూడు వందల పన్నెండింటిలో నూట యాభై పైన మడతపెట్టింది మీ అమ్మ.

మడతలు అయ్యాక ఒక్కటే అడిగింది. "శనివారం వాడికి శాలువా మీరే కప్పుతారటగా. కొన్నారా?"

కొనలేదని చెప్పాను. ఆకుపచ్చది ఒకటి నా దగ్గర ఉంది. అక్టోబరు నుంచి ఉతకలేదు. నువ్వు ఏడో అంశం రాస్తే అది నా దగ్గరే ఉంచుకొంటాను, గిరిజ విమానం దిగినప్పుడు చలిగా ఉంటుంది, దానికే కప్పాలి. రాయకపోతే శనివారం అందరి ముందూ వేదిక మీదకు వచ్చి, అది ఎవరిదో మైకులో చెప్పి, నీ భుజాల మీద కప్పుతాను.