మేడమీద గదికి మనవాళ్ళు

చిట్కుల్,
గురువారం.

నాన్నగారికి నమస్కరించి తేజస్విని రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ పెద్దనాన్నగారు కర్ర లేకుండా నడుస్తున్నారని తెలిసి అమ్మ చాలా సంతోషించింది. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటారేమో. నా గొంతు పెరగగానే మీరు ‘సిగ్నల్ లేదమ్మా’ అని పెట్టేస్తారు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేరు.

బోరు మోటారు బాగయింది. సుల్తాన్‌పూర్‌లో నా ఉద్యోగం అలాగే ఉంది. చరిత్రలో ఎమ్మే చదివి సిరంజీల పెట్టెలకు లేబుళ్ళు సరిచూస్తున్నాను.

మనుషులు తామున్న ఊరు ఎందుకు వదులుతారో అని రాశారు. ముప్పై నాలుగేళ్ళకు టెక్కలి పక్కన మన ఊళ్ళో నాలుగు వారాలుంటే, ‘ఐదరాబాదు బాబూ, మీ ఊరెప్పుడెళ్తారేటి?’ అంటున్నారని నొచ్చుకున్నారు. నాకైతే ఒళ్ళు మండింది, కానీ వాళ్ళ మీద కాదు. మనిషి నీటి వెంట నడిచాడు, గడ్డి వెంట మందను తోలుకుపోయాడు, ఉప్పు కోసం, దేవుడి కోసం, కరువుకు భయపడి, కొండ అవతల ఏముందో చూడాలని నడిచాడు. నేను చదివిన పుస్తకాల్లో రాజులకూ నావికులకూ పటం మీద బాణం గుర్తులున్నాయి. జనరల్ బోగీలో బాత్రూం పక్కన కూర్చుని వచ్చినవాళ్ళకు ఒక్క గీత కూడా లేదు.

ఇదంతా ఎందుకంటే, మీరు వెళ్ళాక మన కాలనీ సంఘం ఒక తీర్మానం చేసింది. పై రాష్ట్రాల వాళ్ళకు గదులివ్వకూడదట. అద్దెకు దిగేవాళ్ళు తన సొంతూరి వాళ్ళేనని ఇంటి యజమాని సంతకం పెట్టాలట. ప్రెసిడెంటు చలపతిరావు అంకుల్‌ని వాళ్ళింట్లో జరిగిన మీటింగులోనే అడిగాను.

“మనం ఉద్యోగాలకొచ్చాం తల్లీ, వాళ్ళు వలసొచ్చారు. చదువుకున్నదానివి, ఆ తేడా తెలీదా?” అన్నారు.

ఏం తేడా నాన్నా? అవే పట్టాలు, అదే రైలు. ఒడిశావాళ్ళు మీకన్నా నాలుగు స్టేషన్ల ముందు ఎక్కారు, అంతే.

పాలు పోయడానికొచ్చిన సత్తెమ్మ గుమ్మంలోనే నిలబడి నవ్వింది. ఈ కాలనీ ఒకప్పుడు వాళ్ళ జొన్నచేనే కదా. “ఏంది సారూ, గీ కాలనీల ఈడోళ్లు ఎవరున్నరు? నేను, నా బర్రె! మీరొచ్చిన్నాడు మేం గిట్లనే కాయితాలు అడిగితే యాడుండెటోళ్లు?” అంది. అంకుల్ సెల్‌ఫోన్ చూసుకున్నారు.

మేడమీద గది ఇచ్చారా అని అడిగారు కదా. ఇచ్చాను. బిపిన్, సస్మిత. ఒడిశాలో బరంపురం పక్క పల్లె. అతను మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. ఆమెకు ఏడో నెల. ఈ వీధిలో ముగ్గురు ఇంటి యజమానులు వాళ్ళను ఖాళీ చేయించారు. మూడోసారి సామాను నెత్తిన పెట్టుకుని ఆమె మన గేటు ముందు కూలబడితే, అమ్మే మంచినీళ్ళిచ్చి లోపలికి పిలిచింది.

ఇన్ని మాటలు తిప్పింది దీన్ని దాచడానికే. సంఘం కాగితంలో వాళ్ళ స్వస్థలం అన్నచోట మన ఊరి పేరు రాశాను. కింద మీ సంతకం నేనే పెట్టాను. ఒక్కరూ అనుమానించలేదు. ఊరి పేరు చెప్పుకుని బతికే ఈ పెద్దమనుషులు ఆ ఊళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో! సంఘంలోని కామేశ్వరరావు అంకుల్ సస్మిత వచ్చీరాని తెలుగు విని, “అచ్చం మన సిక్కోలు యాసే, చెవికెంత హాయిగా ఉందో” అని మురిసిపోయారు కూడా. నవ్వూ వచ్చింది, అసహ్యమూ వేసింది.

దొంగసంతకం తప్పే. మీరు తిట్టండి, పడతాను. కానీ వాళ్ళది మన ఊరు కాదని ఎవరో సంఘం చెవిన వేశారు. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం మీటింగులో చలపతిరావు అంకుల్ అందరి ముందూ స్పీకర్ పెట్టి మీకు ఫోన్ చేస్తారట. మనవాళ్ళు కాదని మీరంటే ఆ సాయంత్రమే వాళ్ళు గది ఖాళీ చేయాలి.

అబద్ధం చెప్పమని నేనడగను. సంతకం ఎవరిదంటే నాదేనని చెప్పేయండి. వాళ్ళు మీకేమవుతారని మాత్రం తప్పకుండా అడుగుతారు. సిగ్నల్ లేదనకుండా, అప్పుడు మీకేది నిజమనిపిస్తే అదే చెప్పండి.

ఇట్లు,
మీ మొండి కూతురు
తేజస్విని