యారెత్సికి రోజూ ఇస్తున్న మందు

తులారే,
ఆదివారం.

ఎలూతేరియోకి మీ నికనోరా రాసేది. మీ ఒంట్లో కులాసా అనుకుంటాను. ఇక్కడ అందరం బాగున్నామని రాయబోయి ఆగిపోయాను. అందరం అనడానికి ఫెర్మిన్ లేడుగా.

ఇక్కడ బాదం చెట్లు దులుపుతున్నారు. వీధంతా దుమ్మే, ఉతికిన బట్టలు లోపలే ఆరేస్తున్నాను. అక్కడ ఆపిల్ కోతలు అయ్యేదాకా రాలేనన్నారు, సరే. మన ఫెర్మిన్ బాబు సమాధి రాయి మీద పేరు చెక్కారు. అత్తమ్మ బంతిపూలు పెట్టింది. నేను అక్కడ నిలబడలేక వచ్చేశాను.

ఆ రొసారియో ఇంకా మనింటికి వస్తోందా అని అడిగారు. వస్తోంది. ఇంటింటికీ తిరిగి పిల్లల ఉబ్బసం గురించి చెప్పడమే ఆవిడ పని. మొన్న వస్తోందని తెలిసి, పరువు పోకూడదని ఇల్లంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగాను. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏమే నికనోరా, చుట్టం వస్తోందని కడిగావా, చుట్టాన్ని చంపుదామని కడిగావా? ఈ ఘాటుకి నాకే ఊపిరాడట్లేదు, పిల్ల గతేంటే? సబ్బునీళ్లు చాలు" అంటూ కిటికీలన్నీ తనే తీసింది.

అత్తమ్మ ఊరుకోలేదు. "మేం పదిమందిని కని పెంచాం. ఒక్కడి నోట్లోనూ ఆ ఉబ్బసం పంపు పెట్టలేదు."

"పదిమందీ ఉన్నారా పెద్దమ్మా?" అంది రొసారియో మెల్లగా. అత్తమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. మన పిల్ల యారెత్సికీ ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు మొదలయ్యాయి. క్లినిక్‌లో రెండు పంపులిచ్చారు. ఆయాసం వచ్చినప్పుడు ఒకటి, బాగున్నా రోజూ పీల్చాల్సింది ఒకటి. ఫెర్మిన్‌కీ అలాగే ఇచ్చారు. బంతాట ఆడుకునే పిల్లాడికి మందు అలవాటు చేస్తావా అని ఆ రోజూ పీల్చేదాన్ని మీరు మాన్పించారు. నేనూ సరే అన్నాను. మిమ్మల్ని దెప్పడానికి రాయట్లేదండీ. పిల్లకి మాత్రం రోజూ ఇస్తున్నాను. మీరు వద్దన్నా మానను.

ఈ కవర్లో సన్నటి స్ట్రా ఒకటి పెట్టాను. చర్చి హాల్లో రొసారియో తల్లులందరికీ ఇచ్చింది. ముక్కు గట్టిగా పట్టుకుని, ఆ స్ట్రాతోనే ఊపిరి పీలుస్తూ మెట్లెక్కమంది. నేను సగం ఎక్కకుండానే దాన్ని తీసి పారేసి నోరారా గాలి పీల్చుకున్నాను. ఫెర్మిన్‌కి తీసి పారేసే వీలు లేకపోయింది.

తోటలో నిచ్చెన ఎక్కేటప్పుడు మీరూ ఒక్కసారి అలా పీల్చి చూడండి. ఆ తర్వాత కూడా పిల్లకి మందు ఆపమనే చెప్పాలనిపిస్తే, అప్పుడు ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ ఇద్దరు బిడ్డల తల్లి,
నికనోరా